తెర మీద రాని పేరు

అరచేతిలో ఇమిడే అద్దం ముక్క అది. దాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. అద్దం ఎప్పుడో పగిలి చెత్తలో కలిసిపోయింది. బరువు మాత్రం దిగలేదు. నా భార్యకు చెప్పలేదు. దేవుడికి చెప్పానేమో, చెప్పినట్టు గుర్తు లేదు. గుడికి పోయినప్పుడల్లా ఒంట్లో ఆరోగ్యం గురించో, వానల గురించో అడిగి వచ్చేసేవాణ్ణి. మీకెందుకు చెబుతున్నాను? మీరెవరో నాకు తెలియదు కాబట్టి కావచ్చు. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే ఈ మాట నా నోట రాదు. ప్రయత్నించి చూశాకే ఈ సంగతి తెలిసింది.

నా పేరు వద్దు. మా టాకీసు పేరు కూడా వద్దు. అనంతపురం పాతకాపులైతే నాలుగు వాక్యాల్లో పోల్చుకుంటారు. పోల్చుకోనీ.

మాది ఊళ్లోకెల్లా పెద్ద టాకీసు. వేరుశనగ నూనె మిల్లుల మీద సంపాదించిన ఒకాయన ఎంతో ఇష్టంగా కట్టించాడు. బాల్కనీ, కుర్చీ, బెంచీ, నేల. నేలలో ఆడవాళ్లు ఒకపక్క, మగవాళ్లు ఒకపక్క, మధ్యలో నడుమెత్తు గోడ. మొదట్లో శింగనమల, ఉరవకొండ దిక్కునుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చేవారట. నేను చేరేనాటికి బస్సులూ లారీలూ వచ్చాయి. కాయలు బాగా పండిన ఏడు జనం ఒళ్లో వేయించిన శనక్కాయలు పోసుకుని వచ్చి కూర్చునేవారు. ఆట వదిలాక ఊడ్చిన తొక్కల కుప్పను చూసి ఆ ఏడు పంట ఎట్లా ఉందో మేం చెప్పేవాళ్లం. వ్యవసాయాఫీసు వాళ్ల లెక్క తప్పేదేమో గానీ మా తొక్కల కుప్ప తప్పేది కాదని నవ్వుకునేవాళ్లం. కరువు ఏడు తొక్కలుండేవి కావు. హాలు మాత్రం నిండేది. చేన్లో పని లేని మనిషి ఎక్కడికి పోతాడు? ఫ్యాను కింద, చీకట్లో, ఎవరూ ఏమీ అడగని చోట కాసేపు కూర్చుంటాడు. మా జీతాలు అట్లా కరువు మీద కూడా నడిచాయి. ఆ మాట అప్పట్లో నాకు తట్టలేదు. ఇప్పుడు ప్రతిదీ తడుతోంది.

నేను టికెట్లిచ్చే గుమస్తాగా చేరాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని స్లైడ్లు రాయమన్నారు. తర్వాత మేనేజరునయ్యాను, అయినా ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదు. అప్పట్లో చేతుల్లో సెల్‌ఫోన్లు లేవు. హాల్లో కూర్చున్న మనిషిని బయటికి పిలవాలంటే మాకున్న దారి ఒక్కటే. చిన్న అద్దం ముక్కను కిరసనాయిలు దీపం మీద పట్టి మసి పట్టించేవాణ్ణి. ఆ మసి మీద సూదితో పేరు గీసేవాణ్ణి. ఆపరేటరు దస్తగిరి దాన్ని పైన క్యాబిన్లో స్లైడు మిషన్లో పెట్టి వెలుగు వేస్తే, ఆడుతున్న సినిమా మీదే తెల్లటి అక్షరాలు తేలేవి. ఫలానా ఊరి ఫలానావారు వెంటనే బయటికి రావలెను.

ఎన్ని పేర్లు రాశానో! పిల్లను చూడ్డానికి పెళ్లివారొచ్చారని, ఊరికి పోయే లారీ కదులుతోందని, ఎద్దు తప్పిపోయిందని, అదే ఎద్దు దొరికిందని. పేరు పడగానే జనం ఈలలు వేసేవారు. ఆ మనిషి సిగ్గుపడుతూ పంచె సర్దుకుంటూ లేచిపోయేవాడు. తెరంత పెద్దవైన నా అక్షరాలను వెనకాల తలుపు దగ్గర నిలబడి చూసుకునేవాణ్ణి. హీరో ముఖం మీద నా చేతిరాత. గర్వమే, కాదనను. ఆ గర్వం ఉన్న మనిషే ఆ రోజు ఆ అద్దాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఎట్లా పెట్టుకోగలిగాడు?

చెబుతాను. తొంభైలు ముగిసిపోతున్న రోజులు. వానలు ముఖం చాటేసి చాలా కాలమైంది. పెద్ద హీరో సినిమా విడుదలైన రోజు, మ్యాటినీ. లోపల ఇసుక వేస్తే రాలనంత జనం. అంతకు ముందు సినిమాకు పాట మధ్యలో ఎవరినో పిలుస్తూ స్లైడు వేశామని కుర్రవాళ్లు చెప్పులు విసిరారు, ఒకడు సీటు కొయ్య పీకి తెర మీదికి గిరాటేశాడు. తెర చిరిగింది. కుట్లు వేయించాం. అప్పటికి పెద్దాయన పోయి ఆయన కొడుకు ఓనరు. ఆయన మమ్మల్ని పిలిచి, "ఇంకమీదట ఇంటర్వల్ దాకా ఒక్క స్లైడు పడగూడదు. ఎవరు సచ్చినా సరే" అన్నాడు. మాటవరసకు అన్నాడు. అందరం అంటాం అట్లాంటి మాటలు.

సినిమా మొదలై కొంతసేపైంది. గేటు దగ్గర ఒకామె. కాళ్లకు చెప్పుల్లేవు. పెద్దాసుపత్రి నుంచి పరుగెత్తుకొచ్చింది. రొప్పుతూ మాట్లాడింది.

"సార్, మా ఇంటాయన లోపల ఉండాడు. అక్కులప్ప. శింగనమల కాడ మా ఊరు. మా మామకు ఉన్నట్టుండి ఎక్కువైంది. కొడుకు యాడ, కొడుకు యాడ అంటాండాడు. బిన్నా పిల్చండి సార్."

ఆమె పేరు మారెక్క అని తర్వాత తెలిసింది. ఆ ముసలాయనకు అక్కులప్ప ఒక్కడే కొడుకని, ఎన్నో రోజులుగా మంచం పక్కనే కూర్చుని తండ్రికి అన్నీ చేస్తున్నాడని, ఆ పొద్దున కాస్త గంజి తాగిన తండ్రే, "మొకం పీక్కపోయింది గదరా, పోయి సినిమా చూసి రాపో" అని పంపించాడని, అదీ తర్వాతే తెలిసింది. ముందే తెలిసి ఉంటే? తెలిసి ఉంటే వేరేగా చేసేవాణ్ణని అనుకోవడం నాకు హాయిగా ఉంటుంది. కానీ ఆమె చెప్పిన ఆ నాలుగు మాటలు చాలవా?

నేను రాశాను. అదొక్కటి నిజం. దీపం వెలిగించి, అద్దానికి మసి పట్టించి, అక్కులప్ప, శింగనమల, ఆసుపత్రి నుంచి పిలుపు, వెంటనే బయటికి రావలెను అని రాశాను. వేళ్లు నల్లగా అయ్యాయి. తుడుచుకోకుండా మెట్లెక్కి క్యాబిన్లోకి వెళ్లాను. కింద పాట నడుస్తోంది. జనం కుర్చీలెక్కి గంతులేస్తున్నారు. తెర మీదికి చిల్లర దుడ్లు విసురుతున్నారు.

దస్తగిరి కిటికీలోంచి కిందికి చూసి, "ఇప్పుడొద్దు సార్. మొన్న కుట్లేసిన తెర. ఈ పాట కానీ" అన్నాడు.

సరే అన్నాను. పాట అయింది. వెంటనే ఫైటు మొదలైంది. ఫైటయ్యాక వేద్దామనుకున్నాను. ఇంతలో కింద నుంచి ఓనరు కేక. బాల్కనీలో పంపిణీదారుల తరఫు పెద్దమనుషులు కూర్చున్నారు, వాళ్లకు సోడాలు రాలేదట. అద్దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని దిగిపోయాను. ఇంకెంతసేపు, ఇంటర్వల్ వస్తుంది, అతనే బయటికి వస్తాడు అనుకున్నాను. ఒక ప్రాణం పోతుంటే నేను సోడాల వెంట పడ్డాను. ఇట్లా రాస్తుంటే ఇది పెద్ద పాపంలా కనబడుతోంది. ఆ రోజు పాపంలా లేదు. పనిలా ఉంది. రోజూ చేసే పనుల్లో ఒక పని కాస్త వెనకబడినట్టు ఉంది, అంతే.

గేటు దగ్గర మారెక్క అట్లాగే నిలబడి ఉంది.

"సార్, ఏసినారా?"

ఓనరు నా వెనకే మెట్లు దిగుతున్నాడు. ఆయన చెవిన ఈ గొడవ పడకూడదని గొంతు తగ్గించాను.

"ఏసినాంలేమ్మా. వస్తాడు. ఈడే నిలబడు."

"ఇంకా రాల్యా సార్. నేనే లోపలికి పోయి పిల్చుకుంటా."

"నువ్వు పోతే గలాటా అవుతాది. జనం తొక్కేస్తారు. వస్తాడన్నా గదా."

ఆమె నిలబడింది. నా మాట మీద నిలబడింది. ఎర్రటి ఎండలో, చెప్పుల్లేని కాళ్లతో, ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టుకుంటూ, ఆ తలుపు వైపే చూస్తూ. నేను ఆమెను మొగుడి దగ్గరికీ పోనివ్వలేదు, మామ దగ్గరికీ పోనివ్వలేదు. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తట్టలేదు. ఒక మనిషికి కాదు నేను ద్రోహం చేసింది.

ఇంటర్వల్ గంట మోగింది. జనం బిలబిలమంటూ బయటికి వచ్చారు. అక్కులప్ప నవ్వుతూ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చెమటకు చొక్కా వీపుకంటుకుని ఉంది. లోపలి హాస్యం ఇంకా ముఖం మీద ఉంది. పెళ్లాన్ని చూసి ఆ నవ్వు ఆగిపోయింది. మారెక్క ఏడుస్తూ అతని మీద పడింది. "పేరు ఏసినారంట గదా! అంత సేపు ఏం చేస్తాంటివి లోపల?"

అతను నావైపు తిరిగాడు. ఈ మాటలు నేను నిద్రలో లేపినా చెప్పగలను.

"పేరు ఏసినారా అన్నా?"

ఓనరు నా పక్కనే, ఆ పెద్దమనుషులతో మాటల్లో ఉన్నాడు. నేను చెయ్యెత్తాను. ఎందుకెత్తానో తెలియదు. వేళ్లకు మసి.

"ఏసినాం గదప్పా. నువ్వే చూసుకోల్యా."

అతను నా వేళ్ల వైపు చూశాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది అతికింది. ఆ మసే అతికించింది. ఇద్దరూ ఆసుపత్రి దిక్కు పరుగెత్తారు. నేను జేబులోంచి అద్దం తీసి చొక్కా అంచుతో తుడిచేశాను. ఆ మరక మా ఇంట్లో ఎన్ని ఉతుకులకూ పోలేదు. నా భార్య ఆ చొక్కాను గిన్నెలు తుడిచే గుడ్డగా మార్చింది.

వాళ్లు పోయేసరికి అంతా అయిపోయింది. పోయే మనిషి గొంతులో కొడుకే నీళ్లు పోయాలి. మా వైపు ఎంత కరువొచ్చినా, తాగే నీళ్లకు ట్యాంకరు వెంట బిందెలతో పరుగెత్తినా, ఆ గుక్కెడు నీళ్లు మాత్రం కొడుకు చేతి మీదుగా పడాల్సిందే. ఆ ముసలాయన నీళ్లు అడిగాడట. కొడుకు పేరు చెప్పి నీళ్లు అడిగాడట. పక్క మంచం దగ్గర తన వాళ్లకోసం కూర్చున్న ఉరవకొండ మనిషి, ముక్కూ ముఖం తెలియనివాడు, లేచి పోశాడు. ఆసుపత్రి మా టాకీసుకు ఎంతో దూరం కాదు. నేను ఆ మొదటి పాటలో స్లైడు వేసి ఉంటే, అతను నడిచిపోయినా అందుకునేవాడు.

దినాలయ్యాక అక్కులప్ప వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నానా? ఇప్పుడు అట్లా అనిపిస్తోంది గానీ ఆ రోజు భయమే. అతను కొట్టలేదు. మారెక్క ఆ పొద్దు గట్టిగా అరిచినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు.

"మీ తప్పేముంది అన్నా. మీరు ఏసినారు. నాకే సదువు రాదు."

అప్పుడు చెప్పాలి. అదే సరైన సమయం. లేదప్పా, వేయలేదు, తెర చిరుగుతుందని భయపడ్డాం, నీ పేరు నా జేబులో ఉండిపోయింది అని. అతను నన్ను చెడామడా తిట్టేవాడు, ఊరంతా చెప్పుకునేవాడు, నా ముఖాన ఉమ్మేసేవాడు. తర్వాత ఇంటికి పోయి పడుకునేవాడు. తండ్రి చావుకు కోపం తెచ్చుకోవడానికి అతనికొక మనిషి దొరికేవాడు. ఆ మనిషిని నేను దాచేశాను. అతనికి అతన్నే మిగిల్చాను. నోరు తెరిచాను. "దేవుని రాతప్పా, ఏం చేస్తాం" అన్నాను. దేవుడు కూడా ఉలిక్కిపడి ఉంటాడు.

ఆ తర్వాతి ఏడు కూడా విత్తనం మొలవలేదు. అక్కులప్ప ఎద్దుల్ని సంతకు తోలి, పెళ్లాం బిడ్డతో టౌనుకొచ్చేశాడు. పని కోసం నా దగ్గరికే వచ్చాడు. నేల గేటు దగ్గర పెట్టుకున్నాను. కష్టంలో ఉన్నవాడికి దారి చూపించాడని నలుగురూ నన్ను మెచ్చుకున్నారు. మెచ్చుకుంటే వద్దనలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేనేదో చేస్తున్నాననుకున్నాను. కాలింది నా చేతులు కావు.

అతను చేరిన కొత్తల్లోనే ఎవరికో పిలుపు వచ్చింది. నేను స్లైడు రాస్తుంటే అక్కులప్ప వచ్చి నిలబడ్డాడు.

"స్లైడు ఏయండన్నా. నేను గూడా లోపలికి పోయి పిలుస్తా. నా మాదిరి సదువు రానోళ్లు ఉంటారు గదా."

హాల్లో గలాటా అయితే ఓనరు ఊరుకోడన్నాను. విననట్టే టార్చి తీసుకుని లోపలికి పోయాడు. సినిమాకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి, నడవాలో నడుస్తూ ఆ మనిషి పేరూ ఊరూ పిలిచాడు. చేన్లో అవతలి గట్టు మీది మనిషిని పిలిచే గొంతు అది. జనం అమ్మా ఆలీ అని తిట్టారు. ఎవడో కాగితపు ఉండ విసిరాడు. అతను ఆగలేదు. మనిషి దొరికేదాకా పిలిచి, చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాడు. తెర చిరగలేదు.

తెర చిరగలేదు. అంటే, చేయగలిగిన పనే. ఒక మనిషి లోపలికి నడిచి నోటితో పిలిస్తే అయ్యే పని. స్లైడు తప్ప దారి లేదని నేను మీకు పైన చెప్పాను చూడండి, అట్లాగే నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నాకు కాళ్లున్నాయి, గొంతుంది, ఆ రోజు లోపలికి వెళ్లాలన్న ఆలోచనే రాలేదు. మేనేజరు హాల్లోకి పోయి అరవడమేమిటి? నాకు వచ్చింది అక్షరాలు రాయడం. అదే చేశాను. అదీ సగమే చేశాను.

పోనుపోను జనం అలవాటు పడ్డారు. "అక్కులన్న వచ్చినాడు, ఎవురికో మూడింది" అని నవ్వేవారు గానీ దారి ఇచ్చేవారు. ఊళ్లో అందరికీ తెలిసిపోయింది, మా టాకీసులో ఉన్న మనిషి ఎట్లాగైనా దొరుకుతాడని. ఓనరు కూడా ఇక ఏమీ అనలేదు. ఒకసారి ఒక పెద్దావిడ అతని చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆమె కొడుకును సమయానికి ఇల్లు చేర్చాడు. తండ్రి కళ్లు మూయకముందే. ఆ పొద్దు అక్కులప్ప సైకిల్ స్టాండు వెనక్కు పోయి చాలాసేపు ఒక్కడే కూర్చున్నాడు.

అన్నేళ్లు టాకీసులో పని చేసి అతను ఒక్క సినిమా చూడలేదు. తెర వైపు వీపు పెట్టే నిలబడేవాడు.

దీనికన్నా పెద్ద దెబ్బ వేరే ఉంది. కొత్తగా చేరినవాళ్లకు, సోడాలమ్మే వాళ్లకు అతను తన కథ చెప్పుకునేవాడు. "నేను చూసినాన్రా. పాట మధ్యలో తెల్లచ్చరాలు అట్ల తేలినాయి. ఏదో బట్టలంగడి స్లైడు అనుకుంటి. నవ్వతా కూకుంటి. ఆడ నాయన నీళ్లకోసం నోరు తెరిచి ఉండాడు, ఈడ నేను నా పేరునే చూసి నవ్వతా కూకుంటి." మొదటిసారి విన్నప్పుడు చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాను. అతను అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే అతనికి కనబడుతోంది. పడని అక్షరాలు కనబడుతున్నాయి. నేను చెప్పిన ఒక్క మాటను అతను ఏళ్లతరబడి తలలో తిప్పి తిప్పి, దానికి పాటను చేర్చి, వెలుగును చేర్చి, చివరికి కళ్లారా చూశాడు. అతను ఆ కథ ఎత్తుకుంటే నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ లేచిపోయేవాణ్ణి.

దస్తగిరికి తెలుసు. అతనూ నేనూ ఎప్పుడూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు ఆ కథప్పుడు. ఒక రంజాన్ నెలలో ఉపవాసం విడుస్తూ ఖర్జూరం చేతిలో పట్టుకుని, "సార్, ఆయప్పకు చెప్పేద్దాం. ఇది నాకు గొంతు దిగేది లేదు" అన్నాడు. ఇప్పుడు చెప్పి ఏం లాభం, ఉన్న నెమ్మది పాడవుతుంది అన్నాను. ఎవరి నెమ్మది? దస్తగిరి అడగలేదు. రెండో మాట ఎత్తకుండానే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. అప్పటినుంచి ఈ ప్రపంచంలో ఈ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మోయడానికి తోడు కూడా లేకపోయింది.

అక్కులప్ప చదువు నేర్చుకున్నాడు. ఎవరి దగ్గరనుకుంటున్నారు? నా దగ్గరే. "నీ రాత బాగుంటాదన్నా" అని అడిగాడు. ఆటకూ ఆటకూ మధ్య, మసి పట్టిన అద్దం మీద సూదితో దిద్దించాను. గట్టి వేళ్లు, సూది జారిపోయేది. తన పేరు రాసుకోవడం వచ్చిన రోజు ఆ అద్దాన్ని ఎండలో పట్టి, నేల మీద పడిన వెలుగు అక్షరాల్ని చూసుకుని చిన్నపిల్లవాడిలా నవ్వాడు. గోడల మీది పోస్టర్లన్నీ గట్టిగా చదివేవాడు. నేను తలాడించేవాణ్ణి. మింగలేక కక్కలేక అట్లా తలాడించడం ఎట్లా ఉండేదో నాకే తెలుసు.

తర్వాత టాకీసుకు రోజులు దగ్గరపడ్డాయి. ఇంటింటికీ కేబులొచ్చింది, సీడీలొచ్చాయి. నేల టికెట్టు మనిషి ఇంట్లోనే కాళ్లు చాపుకుని చూడ్డం మొదలుపెట్టాడు. కరువొచ్చినా హాలు నిండటం లేదు. పనుల్లేని వాళ్లు బెంగళూరు రైలెక్కుతున్నారు. సీట్లలో దూది ఎలుకలు లాగేశాయి. ఓనరు పిల్లలు అక్కడ దుకాణాల సముదాయం కడతామన్నారు. ఆఖరి రోజు మ్యాటినీతో ఆట ముగించాం. చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. తొక్కలు లేవు, ఊడ్చడానికి ఏమీ లేదు.

జనం పోయాక అక్కులప్ప నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఒక కోరిక. ఆ పొద్దు ఏసిన స్లైడు ఇంకొక్కసారి ఏస్తావా? అప్పుడు చదవలేకపోతి. ఇప్పుడు చదువుతా."

నేనేమనాలి? మీరే చెప్పండి. ఏమనాలి?

దీపం వెలిగించాను. అద్దానికి మసి పట్టించాను. ఒక్క అక్షరం మర్చిపోలేదు. ఒకటి రెండు గీతలు వంకరపోయాయి. దస్తగిరి లేడు, నేనే మిషన్లో పెట్టి వెలుగు వేశాను. ఖాళీ హాల్లో, కుట్లున్న ఆ పాత తెర మీద, అతని పేరు మొట్టమొదటిసారి పడింది. అతను నేలలో తను ఆ రోజు కూర్చున్న చోటే కూర్చున్నాడు. అన్నేళ్ల తర్వాత తెర వైపు ముఖం పెట్టాడు. వేలు గాల్లో ఆడిస్తూ, కూడబలుక్కుంటూ, పైకి చదివాడు. తన పేరు. తన ఊరు. ఆసుపత్రి. క్యాబిన్ కిటికీలోంచి నాకు అన్నీ వినబడుతున్నాయి. వెంటనే బయటికి రావలెను అన్నదాకా చదివాడు.

తర్వాత లేచాడు. పంచె సర్దుకున్నాడు. బిరబిరా నడిచి తలుపు తోసుకుని బయటికి వెళ్లిపోయాడు.

నేను మెట్లు దిగి పరుగెత్తాను. గేటు దగ్గర, మారెక్క ఆ రోజు నిలబడిన చోటే నిలబడి ఉన్నాడు. ఎండ కళ్లల్లో పడుతోంది, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"బయటికొచ్చినా అన్నా" అన్నాడు. "అదే. ఆ పొద్దు గూడా అచ్చం ఇట్లే ఉన్నింది. అవే అచ్చరాలు."

నా వేళ్లకు మసి ఉంది. మాట నాలుక మీదికి వచ్చింది. ఇంతకన్నా బార్లా తలుపు తెరిచి ఎవరూ పెట్టరు. ఓనరు లేడు, జనం లేరు, చిరగడానికి తెర కూడా రేపటినుంచి ఉండదు. భయపడ్డానికి ఏమీ మిగల్లేదు. అయినా రాలేదు. ఇన్నేళ్లూ ఓనరుకు భయపడ్డానని, జనానికి భయపడ్డానని చెప్పుకున్నదంతా ఆ ఎండలో ఆవిరైపోయింది. "టీ తాగుదాం పదప్పా" అన్నాను. తాగాం. టీకి అతనే ఇచ్చాడు, నన్ను ఇవ్వనివ్వలేదు.

టాకీసును పడగొట్టారు. అక్కడ ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగళ్లు, రాయదుర్గంలో కుట్టిన జీన్సు ప్యాంట్లమ్మే దుకాణాలు. అక్కులప్ప ఆ భవనానికే కావలి ఉంటున్నాడు. కుర్చీలో కూర్చుని పేపరు మొదటి అక్షరం నుంచి చివరి దాకా పైకి చదువుతాడు. మారెక్క అన్నం క్యారియరు తెస్తుంది. నేను కనబడితే ఇద్దరూ లేచి నమస్కారం పెడతారు. ఆ నమస్కారానికి భయపడి ఇంకో వీధిలోంచి పోతున్నాను.

అతని ముందు నిలబడి చెప్పలేనని తేలిపోయింది. అందుకే రాస్తున్నాను. నాకు వచ్చింది రాయడమే. ఇది అతని కంటబడుతుందో లేదో తెలియదు. పడితే చదువుకుంటాడు, ఇప్పుడు చదవడం వచ్చు. చదివి ఏం చేస్తాడన్నది నా చేతుల్లో లేదు. క్షమించమని అడగడం లేదు. తండ్రి గొంతులో పోయాల్సిన నీళ్లను నేనెక్కడినుంచి తెచ్చిస్తాను? ఈ కింది నాలుగు మాటలు రాయడానికి పొద్దుటినుంచి కూర్చున్నాను. ఇన్నేళ్లలో మొదటిసారి ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకు మించి ఏమీ లేదు.

అక్కులప్పా, ఆ రోజు నీ పేరు తెర మీద పడలేదు. నువ్వు చూడకపోవడం కాదు, చదవలేకపోవడం కాదు. నేను వేయలేదు.